అనంతగిరి గాలి, తాండూరు సున్నము

సికింద్రాబాదు నుండి వాడి వరకు పోవు రైలుమార్గము 1874లో పూర్తియైనది. ఆ మార్గమున పడమరగా ప్రయాణము చేయువారికి మొదట వికారాబాదును, పిదప తాండూరును తగులును. పైగా వంశపు ప్రభువును, 1893 మొదలు 1901 వరకు నిజాము రాజ్యమునకు ప్రధానమంత్రియు నైన వికారుల్ ఉమ్రా పేరిట వికారాబాదునకు ఆ పేరు కలిగినది. ఈ రెండు ఊళ్లును నేడు 2016 అక్టోబరు 11న ఏర్పడిన వికారాబాదు జిల్లాలోనివే.

ఈ రెంటిలో ఒకటి గాలికి పేరు పొందినది, రెండవది రాతికి. వికారాబాదు ప్రక్కన అనంతగిరి కొండలున్నవి. అచటనే అనంతపద్మనాభస్వామి ఆలయము, అచటనే మూసీనది జన్మస్థానము. ఆ కొండలమీది గాలి ఊపిరితిత్తులకు మేలని తలచి నిజాము ప్రభుత్వము 1940ల దశకమున క్షయరోగులకై ఒక శానిటోరియము నెలకొల్పినది. ఇక తాండూరు నాపరాయిని ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. నీలి బండయు, పసుపు బండయు మన వసారాలలోను వంటిండ్లలోను పరువబడినవి. ఆ రాయి ముఖ్యముగా సున్నపురాయి. అందుండియే ఆ ప్రాంతమున సిమెంటు కర్మాగారములు వెలసినవి.

కొండమీది క్షయరోగికిని, కొండక్రింది సున్నపురాతికిని సంబంధమేమని పాఠకులు అడుగవచ్చును. గాలికిని రాతికిని నేరుగా సంబంధము లేదు. కాని ఆ రాతిలోని ధాతువైన కాల్షియమునకును, ఆ రోగమునకును, మన శరీరమందలి కణముల చావునకును నడుమ ఒక సంబంధము కలదు. దానిని కనుగొనుటకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రలో ఒక అధ్యాయము హైదరాబాదులోనే వ్రాయబడినది. దానినే మేము ఇచట చెప్పదలచితిమి.

ముందుగా క్షయ సంగతి. క్షయ అనగా తరుగుట. మన పూర్వులు దానిని రాజయక్ష్మ మనిరి. అది వంశమున వచ్చునదనియు, శాపమనియు, విరహమువలన కలుగుననియు జనులు అనేక విధముల తలచుచుండిరి. 1882 మార్చి 24వ తేదీన జర్మనీ దేశపు వైద్యుడు రాబర్టు కోఖ్ బెర్లినులో ఒక సభయందు అది సూక్ష్మజీవివలన కలుగు అంటువ్యాధియని రుజువు చేసెను. కారణము తెలిసినది గాని మందు తెలియలేదు. అరువదేండ్లకు పైగా వైద్యులకు తెలిసిన చికిత్స ముఖ్యముగా విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, స్వచ్ఛమైన గాలి. ఐరోపాలోను, అమెరికాలోను కొండలమీద శానిటోరియములు వెలసినవి. తెలుగునాట మదనపల్లె వద్ద ఆరోగ్యవరము శానిటోరియము 1915లో తెరువబడినది. అనంతగిరి ఆ పరంపరలోనిదే.

ఆ రోజులలో శానిటోరియమునకు పోవుట యనగా సామాన్యమైన మాట కాదు. తల్లి పసిబిడ్డను విడిచి పోవలెను. సంపాదించువాడు పని మానుకొనవలెను. నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు ఆ కొండమీద పరుండవలెను. ఇంటివారు వెలివేయబడుదురేమోయను భయముచేత రోగము పేరు పైకి చెప్పుకొనెడివారు కారు. ఇంత చేసినను బ్రతుకుదుమను హామీ లేదు. ఒకే గదిలో, ఒకే తిండి తిని, ఒకే గాలి పీల్చిన ఇద్దరిలో ఒకరు కోలుకొని ఇల్లు చేరుటయు, రెండవవారు రక్తము కక్కుకొని మరణించుటయు కలదు. ఎందుకిట్లు? వైద్యులను వేధించిన ప్రశ్న ఇదియే.

ఎక్సురే చిత్రము వారికి ఒక జాడ చూపినది. కోలుకొన్నవారి ఊపిరితిత్తులలో తరచుగా చిన్న తెల్లని మచ్చలు కనబడెడివి. ఎముకవలె తెల్లగా కనబడు ఆ మచ్చలు సున్నము పట్టిన చోట్లు. క్రిములు చేరినచోట కండ చచ్చి జున్నువలె మెత్తబడును. శరీరము దాని చుట్టును కణములతో ప్రాకారము కట్టును. రోగము శాంతించిన పిదప ఆ మృతభాగమున కాల్షియము పేరుకొని గట్టిపడును. రోగము ఓడినచోట సున్నము గుర్తుగా మిగులుచున్నది. ఇది యుద్ధము ముగిసిన తరువాతి సంగతి. యుద్ధము జరుగుచుండగానే కాల్షియము పాలుపంచుకొనుచున్నదని అప్పటికి ఎవరికిని తెలియదు.

ఇపుడు సున్నము సంగతి. గోడకు వెల్లయై, తాంబూలమున సున్నమై మనకు పరిచితమైన ఈ పదార్థమునుండి 1808లో ఇంగ్లండునందు హంఫ్రీ డేవీ విద్యుచ్ఛక్తి సాయమున ఒక క్రొత్త లోహమును వేరుచేసెను. లాటిను భాషలో సున్నమునకు కాల్క్స్ అని పేరు. అందుండి కాల్షియమను పేరు వచ్చినది. పెరిగిన మనుష్యుని దేహమున ఈ ధాతువు ఇంచుమించు ఒక కిలో ఉండును. అందు నూటికి తొంబదితొమ్మిది పాళ్లు ఎముకలలోను పండ్లలోను ఉండును. ఇక మిగిలిన ఒక్క పాలు ఏమి చేయుచున్నది?

ఆ ఒక్క పాలు ఎంత విలువైనదో లండనులో సిడ్నీ రింగరు అను వైద్యునకు యాదృచ్ఛికముగా తెలిసినది. ఆయన కప్పగుండెను ఉప్పునీటిలో ఉంచి అది కొట్టుకొనుటను పరిశీలించుచుండెను. 1882లో ఆయన ప్రకటించిన ఫలితములు శుద్ధజలముతో చేసిన ద్రావణమునకు సంబంధించినవని అనుకొనిరి. తరువాత విచారింపగా ఆ నీరు బట్టీపట్టిన నీరు కాదు, లండను నగరపు కుళాయినీరని తేలినది. నిజముగా బట్టీపట్టిన నీరు వాడినప్పుడు గుండె కొంతసేపటికే ఆగిపోయినది. కుళాయినీటిలోని కాల్షియమే గుండెను నడిపించుచుండెనని ఆయన 1883లో తన పొరపాటును ఒప్పుకొని ప్రకటించెను. పొరపాటును దాచియుంచినచో ఈ సత్యము మఱి ఎన్నేండ్లకు వెలుగుచూచెడిదో!

తరువాతి శాస్త్రజ్ఞులు ఈ దారినే మరింత లోపలికి పోయిరి. సజీవకణము లోపలి రసములో కాల్షియము అత్యల్పము. బయటి ద్రవములో అంతకు దాదాపు పదివేల రెట్లు అధికము. చెరువుకట్ట ఎంత నీటిని ఆపునో, కణపు పొర అట్లే కాల్షియమును ఆపియుంచును. ఒక చిన్న తూము తెరచినచో లోపలికి వచ్చిన ఆ కొద్ది కాల్షియమే ఆజ్ఞగా పనిచేయును. కండరమును ముడుచుకొమ్మనును; గ్రంథిని రసము స్రవింపజేయుమనును. కాని ఆజ్ఞను వినుటకు ఒకరుండవలెను గదా! ఆ పని కాల్షియమును పట్టుకొను ప్రోటీనులు, అనగా ఒక తరహా మాంసకృత్తులు, చేయును. జపాను శాస్త్రజ్ఞుడు సెత్సురో ఎబాషి 1960ల దశకమున కండరమునందలి ట్రోపోనిను ఇట్టిదని చూపెను. దాదాపు 1970లో కాల్మోడ్యులిను అను మరియొక ప్రోటీను కనుగొనబడినది. 1973లో రాబర్టు క్రెట్సింజరు ఒక చేప కండరములోని ప్రోటీను ఆకృతిని పరీక్షించి, అది బొటనవ్రేలును చూపుడువ్రేలును చాచిన చేయి చిన్న వస్తువును పట్టుకొన్నట్లు కాల్షియమును పట్టుచున్నదని వివరించెను.

మూడవది కణమరణము. చావు అనగానే మనకు దెబ్బయో, విషమో, రోగమో తోచును. కాని కణములకు మరియొక విధమైన చావు కలదు. పట్టుపురుగు వంటి జీవులు రూపు మార్చుకొనునపుడు కొన్ని కండరములు వేళకు తామే నశించుట గమనించి, రిచర్డు లాక్షిన్, కారల్ విలియమ్స్ అనువారు 1964లో దానిని ముందుగా నిర్ణయింపబడిన కణమరణమనిరి. 1972లో కెర్, వైలీ, కరీ అను ముగ్గురు వైద్యశాస్త్రజ్ఞులు ఇట్టి చావునకు అపోప్టోసిస్ అని పేరు పెట్టిరి. గ్రీకు భాషలో చెట్టునుండి ఆకులు రాలుటకు ఆ పేరు. శిశిరమున అనంతగిరి అడవిని చూచినవారికి ఈ పేరిలోని ఔచిత్యము తెలియును. ఆకు రాలుట చెట్టునకు రోగము కాదు. అది చెట్టు తనకు తాను చేసికొను ఏర్పాటు.

ఈ ఏర్పాటు ఎంత నియమబద్ధమో ఒక చిన్న పురుగు చూపినది. ఒక మిల్లీమీటరు పొడవుగల ఆ నులిపురుగు దేహము పెరుగునపుడు 1,090 కణములు పుట్టును. అందు 131 తప్పక చనిపోవును, 959 మిగులును. ఏ కణము ఎప్పుడు చచ్చునో కూడ ముందే చెప్పవచ్చును. ఆ చావును శాసించు జన్యువులను కనుగొన్నందుకు బ్రెన్నరు, హార్విట్జు, సల్స్టను అను మువ్వురకు 2002లో నోబెలు బహుమానము లభించినది.

చంపబడిన కణము పగిలి, లోపలి సరకు చుట్టును చిమ్మి, మంట పుట్టించును. తానై చచ్చు కణము అట్లు కాదు. అది ముడుచుకొని, చిన్న మూటలుగా విడిపోయి, ఇరుగుపొరుగు కణములకు ఆహారమగును. ఈ రెండు చావులలో ఏది జరుగవలెనో నిర్ణయించు శక్తులలో కాల్షియము ఒకటి. కణము లోపల కాల్షియము కట్టుదప్పి పెరిగినచో శక్తిని పుట్టించు మైటోకాండ్రియాలు చెడును, చావు ఆరంభమగును. 1996లో అమెరికాలో కణమరణమునకు తోడ్పడు జన్యువులను వెదకుచుండగా ఆల్గ్ రెండు అను ప్రోటీను దొరికినది. అది కాల్షియమును పట్టుకొనునదే. అది లేని కణములు చావును తప్పించుకొనునట్లు కనబడినవి. కాని 2002లో ఆ ప్రోటీను లేని ఎలుకలను పెంచి చూడగా వాని కణములు యథాప్రకారము చచ్చుచునే యున్నవి. గాజుపాత్రలో కనబడిన దెల్ల దేహములో నిజము కాదని ఈ సంగతి మనకు నేర్పుచున్నది. రాబోవు కథకు కూడ ఈ హెచ్చరిక అవసరము.

ఇపుడు ఈ మూడు పాయలును కలియు చోటికి వచ్చితిమి. క్షయక్రిమి ఊపిరితో లోపలికి పోగానే దానిని భక్షకకణములు మింగును. సామాన్యమైన క్రిమి అందు జీర్ణమైపోవును. క్షయక్రిమి మాత్రము తనను మింగిన కణములోనే కాపురము పెట్టును. అపుడు ఆ కణమునకు ఉన్న ఉపాయములలో ఒకటి ఇది. తాను ముడుచుకొని చచ్చి, లోపలి శత్రువునకు నివాసము లేకుండ చేయుట. ఇల్లు తగులబెట్టుకొనియైనను దొంగను పట్టుట యన్నమాట. ఇందుకు క్రిమి ఊరకుండునా?

అమెరికాలో సారనాక్ సరస్సు వద్దనున్న ట్రూడో శానిటోరియమున 1905లో ఒక రోగినుండి తీసిన క్రిమివంశమును హెచ్ ముప్పదియేడు అందురు. తరువాత 1930ల దశకమున అది రెండుగా చీలినది. ఒకటి రోగము కలిగించునది, రెండవది కలిగింపనిది. ఈ అన్నదమ్ములను ప్రపంచమంతటను ప్రయోగశాలలలో నేటికిని పెంచుచున్నారు. 2000లో అమెరికా శాస్త్రజ్ఞులు వీనిని మనుష్యుల ఊపిరితిత్తులనుండి తీసిన భక్షకకణములలో ప్రవేశపెట్టి చూచిరి. రోగము కలిగింపని తమ్ముడు చేరిన కణములు అధికముగా ఆత్మత్యాగము చేసికొన్నవి. రోగము కలిగించు అన్న చేరిన కణములు అంతగా చావలేదు. క్రిమి బలము కణమును చంపుటలోనే కాక, దాని చావును తనకు అనువైన వేళకు, అనువైన రీతికి మార్చుటలో ఉన్నదని ఇట్లు తెలిసినది.

1998లో ఈ రోగకారక వంశపు జన్యులిపి మొత్తము చదువబడినది. నలుబదినాలుగు లక్షలకు మించిన అక్షరములు. దాదాపు నాలుగువేల జన్యువులు. అందు పదియవ వంతును పీయీ, పీపీయీ అను రెండు ప్రోటీను కుటుంబములే ఆక్రమించుకొన్నవి.  ఇవి దేనికో తెలియక అందరును ఆశ్చర్యపడిరి. వీనిలో ఒక శాఖయందు గ్లైసిను అను అమైనో ఆమ్లము మాటిమాటికి వచ్చును. ఆ శాఖలో ముప్పదిమూడవ సంఖ్య గలది క్రిమి పైపొరమీద ఉండును. 2005లో అమెరికా శాస్త్రజ్ఞులు అనేక రోగులనుండి తీసిన క్రిములను పోల్చి చూడగా, ఈ ఒక్క ప్రోటీనే వేర్వేరు క్రిములలో వేర్వేరు రూపములలో ఉన్నట్లు తేలినది. కొన్నింటిలో కొంత తెగిపోయినది. కొన్నింటిలో కొంత చేరినది. పెద్దమార్పులు గల క్రిములు సోకిన రోగుల ఊపిరితిత్తులలో గుహలు తక్కువగా ఏర్పడుటకును ఈ మార్పులకును సంబంధమున్నట్లు 2007లో వారు ప్రకటించిరి.

అదే సంవత్సరమున కలకత్తాలోని బోసు సంస్థవారు దీనికి ఒక కారణము చూపిరి. ఈ ప్రోటీను భక్షకకణముపైనున్న టోల్ వంటి గ్రాహకము రెండు అనుదానిని తట్టును. కణము ఒక రసాయన సందేశమును వెలువరించి, దానివలన తానే చచ్చును. రోగులవద్ద దొరకిన క్రిములలో వలె ఆ ప్రోటీనులో కొన్ని భాగములు తెగగొట్టినచో ఆ సందేశము బలహీనపడినది. ఒకే ప్రోటీను, రూపుభేదమును బట్టి కణపు చావును హెచ్చించుటయు తగ్గించుటయు సంభవమని దీనివలన స్పష్టమైనది. అనంతగిరిపై ఒకే గదిలోని ఇద్దరి గతులు వేరగుటకు ఇట్టి భేదములు కొంత కారణము కావచ్చును. రోగి దేహబలము, ఆహారము, వయస్సు, రోగము ముదిరిన తీరు మొదలగునవి మిగిలిన కారణములు.

2007లోనే చండీగఢ్ సూక్ష్మజీవ సాంకేతిక సంస్థకు చెందినవారు ఈ కుటుంబపు అక్షరక్రమమును పరిశీలించి, తొమ్మిదేసి అమైనో ఆమ్లములు గల ముక్కలు కొన్ని కాల్షియమును పట్టుటకు తగినట్లున్నవని గుర్తించిరి. చేపప్రోటీనులోని చేతివంటి ఆకృతి కాదది. చుట్టలు చుట్టిన త్రాడువంటిది. ఆ మలుపులయందు కాల్షియము అమరును. ఇది గణితముచేతను పోలికచేతను చేసిన ఊహ. ఊహను పరీక్షకు పెట్టినది హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రము. 1977లో ఏర్పడిన ఆ సంస్థయందు యోగేంద్ర శర్మ, తిరుమలై రఘునంద్ మొదలగువారు 2016లో తమ ఫలితములను ప్రకటించిరి. ముప్పదిమూడవ ప్రోటీనును, అరువదియొకటవ ప్రోటీనును కాల్షియమును నిజముగానే పట్టుకొనుచున్నవి. కాల్షియము చేరినపుడు అవి భక్షకకణపు గ్రాహకమును మరింత గట్టిగా తాకుచున్నవి. అందువలన పోరును చల్లబరచు ఇంటర్‌ల్యూకిన్ పది అను సందేశము అధికమగుచున్నది. అనగా మన దేహములోని కాల్షియమునే క్రిమి తన తాళపుచెవికి పదునుగా వాడుకొనుచున్నదన్నమాట. వికారాబాదు జిల్లా పుట్టిన సంవత్సరమే అచటికి కొలది దూరమున ఈ సంగతి వెలువడుట యాదృచ్ఛికమే యైనను స్మరింపదగినది.

ఇచట ఒక అపోహను తొలగింపవలసియున్నది. కాల్షియము క్రిమికి సాయపడునట చదివి ఎవరును పాలు మానరాదు. సున్నము మచ్చలు రోగశాంతికి గుర్తులని విని ఎవరును సున్నము తినరాదు. దేహము రక్తమునందలి కాల్షియమును తానే మిక్కిలి కట్టుదిట్టముగా సరిచూచుకొనును; మన భోజనముతో క్రిమి తాళపుచెవి మారదు. ఈ పరిశోధనలు కణములమీదను, నిరపాయమైన క్రిములను వాహకములుగా గ్రహించియు చేసినవి. మందుగా మారుటకు ఇంకను చాల దూరము కలదు. ఆల్గ్ రెండు కథ మరువరాదు.

మందు వేరొక దారిని వచ్చినది. 1943లో స్ట్రెప్టోమైసిను కనుగొనబడెను. 1952లో ఐసోనియాజిడ్ వాడుకలోనికి వచ్చెను. మదరాసులో 1956లో నెలకొల్పిన క్షయ ఔషధచికిత్సా కేంద్రమువారు రోగులను రెండు తెగలుగా చేసి, ఒక తెగకు శానిటోరియమునందును, మరియొక తెగకు పేదవాడలలోని వారి ఇండ్లవద్దను, ఒకే మందులను ఏడాదిపాటు ఇచ్చిరి. 1959లో ఫలితము వెలువడినది. ఇంట నున్నవారును ఇంచుమించు అంతే బాగుగా కోలుకొనిరి; వారి ఇంటివారికి రోగము అధికముగా సోకలేదు. దానితో కొండగాలికిని, నెలల కొలది పరుపునకును ఉన్న ప్రాముఖ్యము తగ్గినది. ప్రపంచమంతటను శానిటోరియముల కాలము ముగియ నారంభించినది. తల్లి బిడ్డను విడిచి పోనక్కరలేకుండ చేసిన ఆ పరిశోధన మన పొరుగున జరిగినదని మనము గర్వింపవచ్చును.

అయినను రోగము పోలేదు. 2023లో ప్రపంచమున పన్నెండున్నర లక్షలమంది క్షయచే మరణించిరి; క్రొత్త రోగులలో నూటికి ఇరువదియారుగురు మన దేశమువారే. కొన్ని క్రిములు పాతమందులకు లొంగుట మానినవి. అందుచేతనే క్రిమిని చంపు మందులతో పాటు, కణమునకు తన త్యాగమును సక్రమముగా చేసికొనగల శక్తిని మరల నిచ్చు ఉపాయములను శాస్త్రజ్ఞులు వెదకుచున్నారు. కాల్షియమును పట్టు ఆ ప్రోటీనులను అడ్డగించుట అట్టి ఉపాయములలో ఒకటి కాగలదేమో అని వారి ఆశ.

ఆ దినము వచ్చువరకు మన చేతిలో నున్న పని సులభమైనది. రెండు వారములకు మించి దగ్గు నిలిచిన యెడల, సాయంకాలపు జ్వరమో బరువు తరుగుటయో తోడైన యెడల, ప్రభుత్వ ఆసుపత్రిలో కఫము పరీక్ష చేయించుకొనవలెను. అచట పరీక్షయు మందులును ఉచితము. మందులు మొదలిడిన పిదప ఒంట్లో బాగున్నదని నడుమ మానరాదు. సామాన్యమైన క్షయకు ఆరు నెలలు పూర్తిగా వాడవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఇంట ఎవరికైన ఈ రోగము వచ్చినచో దాచరాదు, వారిని వెలివేయరాదు. అనంతగిరికి పోయి తిరిగిరాని వారెందరో భయపడినది రోగమునకు మాత్రమే కాదు, ఇరుగుపొరుగు చూపునకు కూడ. ఆ చూపును మార్చుటకు ప్రయోగశాల అక్కరలేదు.